వరసలో అవ్వ

సేవ చేసినందుకు నాకొక ప్రశంసాపత్రం ఉంది. చదువులో రాలేదు, ఆటల్లో రాలేదు. పాటల్లో అయితే ప్రార్థన పాడే గుంపులో వెనక నిలబెట్టి, పెదవులు మాత్రం ఆడించమన్నారు. కాబట్టి నా గొప్పతనానికి మొత్తం మీద సాక్ష్యం ఆ ఒక్క కాగితమే. దాన్ని గోడకు తగిలించలేదు. ట్రంకు పెట్టెలో, బట్టల అడుగున పరిచిన పాత పేపరు కింద ఉంటుంది. పెట్టె సర్దినప్పుడల్లా చేతికి తగులుతుంది. పారేయను. చదవను.

మొన్న మా పాప బడి నుంచి ఒక ఫారం తెచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలు ఏడాదిలో కొన్ని గంటలు సమాజసేవ చేయాలట. ఏ సేవ చేయిస్తారో తల్లిదండ్రులు రాసి సంతకం పెట్టాలట. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. "ఏదో ఒకటి రాయమ్మా, అందరూ మొక్కలని రాస్తున్నారు" అంది మా పాప. రాయబోయి ఆగిపోయాను. ఆ ఫారంలో పట్టని సంగతి ఒకటి ఉంది. ఇక్కడ రాస్తున్నాను.

మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. మా ఊళ్లో రెండే పంటలు: వేరుశనగ, ఎండిన వేరుశనగ. చేలు లేనివాళ్లకు గొర్రెలు, గొర్రెలు లేనివాళ్లకు కూలి. రెండు వేల సంవత్సరం దాటాక వరసగా వచ్చిన కరువుల్లో నేను తొమ్మిదో తరగతికి వచ్చాను. అప్పటికి ఊళ్లో చేతిపంపులు కొడితే నీళ్లకు బదులు దగ్గు వచ్చేది. మా నాయన చేలో వేసిన బోరు నుంచి ముందు దుమ్ము లేచింది, తర్వాత మా నాయన నోటి నుంచి రాకూడని మాటలు లేచాయి, ఆ తర్వాత అందరం ఇంటికి వచ్చేశాం.

తాగడానికి ట్యాంకరు నీళ్లే. ఒక రోజు వచ్చేది, ఒక రోజు రాదు. వస్తే పొద్దున పదింటి పైన, పాల కేంద్రం ముందు ఆగేది. ఇంటికి ఐదు బిందెలు, ఒంటి మనిషికి రెండు. ఇది ఊరు పెట్టుకున్న కట్టడి. దాన్ని మీరినవాళ్లతో మాట్లాడేవాళ్లు కాదు. ఆ కాలంలో దొంగ అనిపించుకున్నా బతకొచ్చు గానీ, రెండు వాటాలు పట్టినావు అనిపించుకుని ఊళ్లో తలెత్తుకోలేం.

ట్యాంకరు కోసం మనుషులు నిలబడేవాళ్లు కాదు, బిందెలు నిలబడేవి. తెల్లవారకముందే ఎవరి బిందె వాళ్లు తెచ్చి వరసలో తమ చోట పెట్టి పనికి పోయేవాళ్లు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. చిలుము పట్టిన ఇత్తడిది ఫలానా వాళ్లది, మూతి పగిలిన ఎర్ర ప్లాస్టిక్కుది ఫలానా వాళ్లది. సొట్టలూ అతుకులూ చూసి ఊరంతా పోల్చుకునేది. ట్యాంకరు వచ్చే వేళకు మనిషి రాకపోతే, వెనక బిందెవాళ్లు ముందు బిందెను నింపి పక్కన పెట్టాలి. పెట్టాలి అని ఎవరూ చెప్పలేదు. పెట్టేవాళ్లు, అంతే. ఏదైనా బిందె రెండు ట్యాంకర్లకు వరసలో కనబడకపోతే, ఆ ఇంటి ముందు ఆగి పలకరించి పోయేవాళ్లు. దీనికి ఒక పేరు లేదు. పేరు లేని పనులు ఎవరికీ కనబడవని నాకు తర్వాత తెలిసింది.

మా వరసలో మాకంటే ముందు ఉండేది అవ్వ బిందె. అవ్వ మాకు ఏ వరసా కాదు. వరసలో ముందు ఉండడం తప్ప ఇంకో బంధుత్వం లేదు. ఊరి చివర గొర్రెల దొడ్ల పక్కన ఒంటి గది. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు కలగలేదు. కలుపు తీసీ తీసీ నడుం వంగింది, రెండు కళ్లకూ పొర కమ్మింది. తెల్లవారుజామున గోడలు తడుముకుంటూ వచ్చి ఖాళీ బిందె వరసలో పెట్టి, మళ్లీ గోడలు తడుముకుంటూ పోయేది. నిండిన బిందెను ఆ వైపు పోయే ఎవరో ఒకరు గడప దగ్గర దించేవాళ్లు.

అది సత్తు బిందె. కడుపు మీద పెద్ద సొట్ట, మెడకు ఆకుపచ్చ చీర అంచు ముడి. వరసలో ఆ బిందెను బిందె అనేవాళ్లు కాదు. "అవ్వొచ్చిందా?" అంటే బిందె వచ్చిందా అని. "అవ్వను ముందుకు జరుపు మే" అంటే, బిందెను కాలితో ముందుకు తోయమని. నేనెన్నిసార్లు అవ్వను కాలితో తోశానో లెక్కలేదు.

ఒంటి మనిషికి రెండు బిందెలు కదా, అవ్వకున్నది ఒకటే. ఇంకొకటి పెట్టవ్వా అంటే, "ఒకటి శాలు. ఎక్కువుంటే కడుక్కోడానికి పని పెరుగుతాది" అనేది.

ఆ సంవత్సరమే మా ఉన్నత పాఠశాలకు కొత్త సోషల్ సారు వచ్చాడు. సోషల్ సారు కాబట్టి సోషల్ సర్వీసు కూడా ఆయన వంతే అని హెడ్మాస్టరు అనుకున్నట్టున్నాడు. ఆయనది కోస్తా. కాలవల పక్కన పెరిగిన మనిషి. వచ్చిన మొదటి రోజు ఇంటి ముందు నిలబడి చెంబుడు నీళ్లు కాళ్ల మీద పోసుకున్నాడు. వీధంతా తలుపుల్లోంచి చూసింది. చెడ్డవాడు కాదు, చాలా మంచివాడు. మా ఊరిని చూసి ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ ఏడుపును ఆయన కార్యక్రమంగా మార్చాడు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లతో సేవాదళం పెట్టాడు. ప్రతివాళ్లకూ నీలం రిబ్బను, గుండుసూది. ఊళ్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు ఐదుగురికి, ఒక్కొక్కరికి ఇద్దరు పిల్లలు చొప్పున నీళ్లు తెచ్చిపోయాలి. అనంతపురంలో ఎవరినో అడిగి పది నీలం ప్లాస్టిక్ బిందెలు తెప్పించాడు. వాటి మీద తెల్ల రంగుతో 'సేవ' అని రాసే పని నాకిచ్చాడు. నా చేతికి అప్పగించిన మొదటి బాధ్యత అది. రంగు కారి, పదిట్లో నాలుగు బిందెల మీద సేవకు కన్నీళ్లు వచ్చినట్టుండేవి.

నాకూ, నా జత పిల్లకూ అవ్వ వచ్చింది. నా జత పిల్లది గొర్రెలవాళ్ల ఇల్లు. నాకంటే పొట్టి, నాకంటే బలం. చాలా రోజులు రెండు బిందెలూ తనే మోసేది, నేను కబుర్లు మోసేదాన్ని. మా ఇద్దరికీ ఒక సేవా పుస్తకం. రోజూ చేసిన సేవ రాసి సారుకు చూపించాలి. మోసింది ఎక్కువ ఆ పిల్ల, రాసింది ఎక్కువ నేను.

మొదటి రోజు నీలం బిందెలతో అవ్వ గడప ముందుకు పోయాం. పాత బిందె మూల ఉంది. లోపల చెయ్యి పెట్టి చూశాను. జారుడుగా పాచి. ఆరోగ్యశాస్త్రంలో అప్పుడే పాచి పాఠం అయింది. ఇది ఇంక వాడకూడదవ్వా అన్నాను.

అవ్వ నీలం బిందెను వేలితో కొట్టి చూసింది. "ఇది ఎవురిది?"

నీదే అవ్వా, నీకిచ్చినారు అన్నాను.

"నాదైతే దాని మింద నా గుర్తు యాడుండాది?"

'సేవ' అన్న అక్షరాల మీద ఆమె చెయ్యి తీసుకొచ్చి పెట్టాను. తడిమి నవ్వింది.

"నాకు సదువు రాదు గదా పాపా. పోనీ, దీన్ని జూస్తే ఊరికి నేను తెలుస్తానా?"

ముసలివాళ్ల మొండితనం అనుకున్నాను. సారు కూడా ముందే చెప్పాడు, పెద్దవాళ్లు మార్పును ఒప్పుకోరు, ఓర్పుగా నచ్చజెప్పాలని. నేను ఓర్పుగా నచ్చజెప్పి, పాత బిందెను తీసుకుపోయి పెరట్లో గోడ వారగా పడేశాను. రెండు రోజుల్లో అందులో గడ్డి చేరి, పక్కింటి కోడి గుడ్డు పెట్టింది. ఆ సాయంత్రం సేవా పుస్తకంలో రాశాను: 'పాత బిందెను కోడికి ఇచ్చాము.' సారు దాని కింద 'గుడ్' అని రాశాడు. గుడ్డుకు గుడ్.

సేవ బిందెలు వరసలో నిలబడనక్కర్లేదు. సారు ట్యాంకరు డ్రైవరుతో మాట్లాడి, ముందు అవి నింపేలా ఒప్పించాడు, ట్యాంకరు వచ్చినప్పుడు మమ్మల్ని క్లాసు నుంచి వదిలేవాడు. వరసలో ఉన్న ఆడవాళ్లు గొణిగారు. "ఏమప్పా, బడికి పోతే నీళ్లకాడ గూడా ముందు బెంచీనా" అని ఒకామె నన్నే చూసి అంది. అందరూ నవ్వారు. రిబ్బను సర్దుకుని బిందె ఎత్తుకున్నాను.

వరసలో ఖాళీ నిలవదు. మర్నాడే మా బిందె, అవ్వ బిందె ఉండే చోటికి జరిగింది. దాని వెనక బిందె మా చోటికి వచ్చింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. అవ్వకు ఇప్పుడు ఒకటి కాదు, ట్యాంకరు వచ్చినప్పుడల్లా రెండు బిందెలు. ట్యాంకరు రాని రోజు కూడా ఉండేట్టు ఒకటి నిలవ. ఎంత సేవ, ఎంత చక్కటి సేవ! ఇంతకుముందు ఆమె బిందెను ఎవరు నింపేవాళ్లు, ఎవరు మోసేవాళ్లు అని నేను అడగలేదు. మా ముందు బిందె కదా, వెనక ఉన్నది మా అమ్మ కదా అన్న ఆలోచన కూడా రాలేదు. ఏళ్ల తరబడి మా అమ్మ నింపింది. ఒక్క రోజు కూడా ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు.

నాలుగు నెలలు బాగా జరిగింది. బాగా జరిగిందని చెప్పకపోతే అబద్ధమవుతుంది. అవ్వ స్నానం చేసిన రోజులున్నాయి. "మీ పుణ్యాన నా వొంటి మట్టి నాకే బరువు తగ్గె" అనేది. అనంతపురం స్టూడియో నుంచి ఒకాయన వచ్చి ఫోటో తీశాడు. అవ్వ మధ్యలో, మేమిద్దరం చెరో పక్క, ముందు నీలం బిందె. ఫోటోలో అవ్వ కెమెరా వైపు కాకుండా పెరటి వైపు చూస్తూ ఉంటుంది.

ఏప్రిల్ వచ్చింది, ఒంటిపూట బడి వచ్చింది, పరీక్షలు వచ్చి పోయాయి. సేవా పుస్తకంలో పేజీలు కూడా సరిగ్గా అప్పటికే అయిపోయాయి. చివరి పనిదినాన సారు అందరికీ తలా ఒక పిప్పరమెంటు పెట్టి, సాయంత్రం బస్సుకు తన ఊరు పోయాడు. సెలవుల్లో నీళ్లెవరు పోయాలో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. బడిలో మొదలైన పని బడితోనే మూసుకుంటుందని మా అందరి లోపలా ఉండిందేమో. సేవకు సెలవుండదని పద్యంలా చెప్పొచ్చు. మా సేవకు ఉంది. నలభై తొమ్మిది రోజులు.

ఆ రోజు మధ్యాహ్నం రెండు బిందెలూ దించి, రేపట్నుంచి సెలవులవ్వా అన్నాను.

"ఎన్నాళ్లు?"

జూన్ దాకా అన్నాను.

అవ్వ నీలం బిందె మూతి మీద చెయ్యి వేసి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో వేలితో చూసింది.

"మంచిదే. ఆడుకోండి. ఎండలో తిరగాకండి."

అంతే. మరి నాకు నీళ్లు? అని అడగలేదు. ఆమె ఎప్పుడూ ఎవర్నీ ఏదీ నోటితో అడిగిన మనిషి కాదు. అడగడమంతా ఆ సొట్ట బిందె చేసేది, వరసలో నోరు తెరుచుకుని నిలబడి. ఆ నోట్లో నేను కోడిని పెట్టాను.

మర్నాడు నేను గుత్తిలో మా పెద్దమ్మ ఇంటికి బయలుదేరాను. బస్సు దగ్గర మా అమ్మ, అవ్వకు నీళ్లెవరు పోస్తారే అని అడిగింది. నా జత పిల్ల ఉంది కదమ్మా అన్నాను. ఆ పిల్లను నేను అడగలేదు. ప్రతి వేసవీ ఆ ఇంటివాళ్లు ఇంటిల్లిపాదీ గొర్రెలను తోలుకుని, మేత వెదుక్కుంటూ ఉత్తరానికి పోతారని మా ఊళ్లో కుక్కలకు కూడా తెలుసు. తొమ్మిదో తరగతి క్లాసు సెకండుకు మాత్రం ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఆ పిల్ల నేనున్నాను కదా అనుకుని పోయింది. నేను ఆ పిల్ల ఉంది కదా అనుకుని పోయాను.

గుత్తిలో పెద్దమ్మ వాళ్లకు రైల్వే కొళాయి. తిప్పితే వచ్చేది. రోజుకు రెండుసార్లు నీళ్లు పోసుకున్నాను. అక్కచెల్లెళ్లకు సేవాదళం గురించి చెప్పాను. రిబ్బను తీసుకుపోయాను కూడా, సాయంత్రం స్టేషను వైపు తిరగడానికి పోతే పెట్టుకునేదాన్ని. ఎవరైనా అడిగితే చెప్పొచ్చని. ఎవరూ అడగలేదు.

ఆ రోజుల్లో ఊళ్లో జరిగింది నాకు తర్వాత, ముక్కలు ముక్కలుగా తెలిసింది.

అవ్వ దగ్గర ఉన్న నీళ్లు నాలుగు రోజులు వచ్చాయి. ఊళ్లో ఎవరికీ అనుమానం రాలేదు. అవ్వ బిందె వరసలో కనబడక నాలుగు నెలలయింది కదా. కనబడకపోవడమే అలవాటైంది. అవ్వకేం, బడిపిల్లోళ్లు పోస్తారు. ఆ మాట అందరి నోటా ఉంది, నిజం మాత్రం ఎవరి బిందెలోనూ లేదు.

ఐదో రోజు ఆమె పెరట్లో తడుముకుని పాత బిందెను పట్టుకుంది. గడ్డి తీసి, గుడ్లు మూడూ జాగ్రత్తగా పాత గుడ్డలో పెట్టి, బూడిదతో తోమి, తెల్లవారాక వరసలోకి తెచ్చింది. అక్కడ ఏదో మాట జరిగింది. అదేమిటో అప్పుడు ఎవరూ నాకు చెప్పలేదు. ఆమె బిందె ఎత్తుకుని వెనక్కి తిరిగింది. ఇంటికి పోలేదు. ఎండిపోయిన వంక అవతల ఒక రైతు తోటలో బోరు ఉండేది, కరెంటు ఉన్నంతసేపు పారేది. రెండు కళ్లూ ఉన్నవాళ్లకే అది అరగంట నడక. ఆమె ఎప్పుడు చేరిందో తెలియదు. ఆ రోజు కరెంటు మాత్రం రాలేదు. మోటారు పక్కన చాలాసేపు కూర్చున్నట్టుంది, చీర కొంగు పీలిక ఒకటి అక్కడి కంచెకు చిక్కి కనబడింది.

మధ్యాహ్నం దాటాక ఒక గొర్రెల కాపరి వంకలో ఒక బిందె పడి ఉండడం చూశాడు. సొట్ట, ఆకుపచ్చ అంచు. అవ్వ బిందె ఈడెందుకుండాది అనుకుని చుట్టూ వెదికాడు. గట్టు కింద, బండల మధ్య, పక్కకు ఒరిగి ఉంది. నీలం బిందె అయితే ఎవరిదో ప్లాస్టిక్కు అని దాటి పోయేవాడినేనని అతనే నాతో అన్నాడు, నన్ను నొప్పించాలని కాదు, మామూలుగా. వీపు మీద మోసుకుని తెచ్చాడు. తుంటి ఎముక విరిగింది. పెద్దాసుపత్రిలో, ఈ వయసులో అతకదని కట్టు కట్టి పంపారు.

గుత్తికి కబురొచ్చింది. నేను వచ్చేసరికి అవ్వ గదిలో నులక మంచం మీద ఉంది. పెదవులు ఎండి పొట్టు లేచాయి. నా అడుగు చప్పుడు పోల్చుకుంది.

"సెలవులు అయిపాయెనా పాపా?"

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని అప్పటి నుంచి ఇప్పటిదాకా వెదుకుతూనే ఉన్నాను. ఉంటే బాగుండు. లేదు. నిజంగానే అడిగింది.

ఇంకా ఉండాయవ్వా అన్నాను.

"మల్ల యాలొచ్చినావు? పో, ఆడుకో పో."

నేను అక్కడే నిలబడ్డాను. చేతిలో నీలం బిందె ఉంది. తెచ్చినదాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. మా అమ్మ వచ్చి, నా చేతిలోంచి దాన్ని తీసుకుని మంచం కింద పెట్టి, మూలనున్న సొట్ట బిందెను చంకన ఎత్తుకుని పోయింది. మర్నాడు వరసలో మా బిందె ముందు అది నిలబడింది. ముందు ఉన్నామె తన బిందెను అరచేయంత ముందుకు జరిపింది. వెనకవాళ్లు వెనక్కి జరుపుకున్నారు. వరస తిరిగి కుదిరింది, చాలా ఆలస్యంగా.

మిగిలిన సెలవులన్నీ నేనే మోశాను. ఒక్క రోజూ మానలేదు. రాసుకోవడానికి పుస్తకంలో పేజీల్లేవు. మంచం కింద తట్ట పెట్టి మలమూత్రాలు తీయడం, వీపు మీద పుండ్లు తుడవడం, గంజి పట్టించడం, ఇవన్నీ మా అమ్మతో కలిసి చేశాను. సేవ అంటే బిందె అనుకున్నదాన్ని, సేవ అంటే వాసన అని తెలుసుకున్నాను. మొదటి వారం వాంతి వచ్చేది. అవ్వ వినేది. "బయటికి పోయి కక్కుకో మే, సిగ్గుపడాక" అనేది. ఒక మధ్యాహ్నం వీపు తుడుస్తుంటే, గుడ్లు ఏమయ్యాయని అడిగింది. మా ఇంట్లో ఉన్నాయని చెప్పాను. అప్పటికి అవి ఎప్పుడో కుళ్లిపోయాయి. అవ్వకు నేను చెప్పిన అబద్ధాల్లో అదొక్కటే మంచి అబద్ధం.

బడి తెరిచిన వారంలోనే అవ్వ పోయింది. వాన కూడా రాలేదు. ఒంటికి నీళ్లు పోయడానికి అందరూ తలా ఒక చెంబు ఇచ్చారు. అంతకంటే ఇవ్వడానికి ఎవరి దగ్గరా లేవు.

సారు ఊరి నుంచి వచ్చి విన్నాడు. స్టాఫురూంలో నన్నూ, నా జత పిల్లనూ నిలబెట్టి పుస్తకం తెరిచి చివరి పేజీ దాకా తిప్పాడు. "మరి సెలవుల్లో ఎవరు చూశారమ్మా?" అన్నాడు. కోపంగా కాదు. ఆయనే ఆ పేజీని మళ్లీ చూసుకుని, "రాయలేదు కదూ. నేనే రాయలేదు" అని పుస్తకం మూశాడు. ఆ తర్వాత సేవాదళం సంగతి ఎత్తలేదు. కానీ ప్రశంసాపత్రాలు అప్పటికే అచ్చయి వచ్చేశాయి. ఆగస్టు పదిహేనున నా పేరు పిలిచారు. వద్దని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు, పోయి తీసుకున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా జత పిల్ల పేరు కూడా పిలిచారు. ఆ పిల్ల లేచి రాలేదు. నాకంటే బలం అని ముందే చెప్పాను.

వరసలో ఆ రోజు జరిగిన మాట మా అమ్మ నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. మా ఇంటి ముందుకు కొళాయి వచ్చిన రోజు. నీళ్లు పడుతుంటే ధారను చూస్తూ, చూస్తూ, ఎవరూ అడగకుండానే చెప్పింది.

"ఆ పొద్దు అవ్వ బిందె పెడ్తే, నవ్వులాటకే అంటిని నేను. ఏమవ్వా, మా పిల్లోళ్లు తెచ్చి పోస్తానే ఉండారు, మల్లీడ గూడానా, ఊరికంతా ఒక వాటా, నీకు రెండు వాటాలా అని. అందురూ నగిరి. అవ్వ గూడా నగె. అవును మే, మతికి లేదు అని బిందె ఎత్తుకోని పాయె."

బిందె నిండి పొర్లుతోంది. ఇద్దరిలో ఎవరమూ కొళాయి కట్టేయలేదు.

"నువ్వు చెప్పింటివి గదా, ఆ పిల్ల పోస్తాదని" అంది అమ్మ. నింద కాదు. తన తప్పును ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. దించుకోవడానికి నా కంటే తగిన చోటు లేదు. ఔనమ్మా, నేనే చెప్పింటి అన్నాను.

ఫారం ఇంకా బల్ల మీదే ఉంది. సోమవారానికి ఇవ్వాలట. సెలవుల్లో ఆ పని ఎవరు చూస్తారో మీ మిస్సును అడుగు అని మా పాపతో అన్నాను. అది నన్ను వింతగా చూసి, "సెలవుల్లో ఎవరైనా సేవ చేస్తారామ్మా?" అంది. నా కూతురే, సందేహం లేదు.

అవ్వ పోయిన మూడో నాడు ట్యాంకరుకు మా అమ్మ నన్ను పంపింది. మా బిందె తెచ్చి ఎప్పుడూ పెట్టే చోట పెట్టాను. ముందు ఒక బిందె పట్టేంత జాగా మిగిలింది. పైపు విప్పారు, వరస కదిలింది. ముందున్నామె వెనక్కి తిరగకుండానే, అలవాటు మాట ఒకటి విసిరింది.

"అవ్వను ముందుకు జరుపు మే."

అన్నాక ఆమెకే తెలిసి, తల వంచుకుని బిందె మూతి తుడుచుకుంది. వెనకవాళ్లు ఆగి ఉన్నారు. నేను మా బిందెను కాలితో ముందుకు, ఆ జాగాలోకి తోశాను.